డెల్టాలో అద్దె కోసం ఏది కొనాలి: పోర్షన్ల ఇల్లా, ఫ్లాటా, షాపా, చెరువా?

రాజమండ్రి, భీమవరం, అమలాపురం, తణుకు... ఏ ఊళ్లోనైనా చేతిలో నలభై, యాభై లక్షలు ఉన్నవాళ్లు అడిగేది ఒకటే. "నెలనెలా అద్దె రావాలండీ, రేపు అమ్ముకుంటే నాలుగు డబ్బులు మిగలాలి. ఏది కొనమంటారు?" జవాబు చెప్పేవాళ్లు గజం రేటు చెబుతారు, బైపాస్ ఎటు నుంచి వస్తుందో చెబుతారు. చట్టం సంగతి రిజిస్ట్రేషన్ రోజున డాక్యుమెంట్ రైటరు చూసుకుంటాడులే అని వదిలేస్తారు. అక్కడే దెబ్బ తగులుతుంది. అద్దెలో చేతికి మిగిలేదెంత, ఖాళీ చేయమంటే చేస్తారా, కొన్నది మళ్లీ అమ్ముడుపోతుందా అనే మూడు ప్రశ్నలకూ జవాబు రేటులో కంటే నిబంధనల్లోనే ఎక్కువ ఉంది. అందుకే ఈ మూడు ప్రశ్నలతోనే ఒక్కొక్కదాన్నీ తూచి చూద్దాం.

పోర్షన్ల ఇల్లు

కింద మనం, పైన రెండు పోర్షన్లు, మెట్లు బయటి నుంచి. మన పట్టణాల్లో తరతరాలుగా నడిచిన పద్ధతి ఇది. నన్నడిగితే ఊళ్లోనే ఉండేవాళ్లకి ఇప్పటికీ ఇదే మొదటి ఎంపిక. స్థలం మొత్తం మన పేరున ఉంటుంది, పైకి ఇంకో అంతస్తు వేసుకోవాలంటే పొరుగు ఫ్లాటువాళ్లను అడగక్కర్లేదు, అద్దెకున్నవాళ్లు కళ్లముందే ఉంటారు.

చిక్కల్లా అగ్రిమెంటు దగ్గరే. "తెలిసినవాళ్లే కదా, కాగితం ఎందుకు" అనే మాట మన దగ్గర ఎక్కువ. కాగితం రాసినా వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఎవరిదో పాత అగ్రిమెంటు తెచ్చి పేర్లు మార్చి టైపు చేయిస్తారు. అలాంటిది ఒకటి తీసి చదవండి. ఇంటి నంబరు ఉంటుంది, నెల అద్దె ఉంటుంది, "ఇంటిని శుభ్రంగా ఉంచవలెను" అని ఉంటుంది. అద్దె ఎప్పుడు ఎంత పెరుగుతుందో ఉండదు. మోటారు పాడైతే ఎవరు బాగు చేయించాలో, కరెంటు మీటరు రీడింగు ఎంత ఉండగా ఇల్లు అప్పగించారో, ఎన్ని రోజుల ముందు చెప్పి ఖాళీ చేయాలో ఉండదు. రేపు తగవొస్తే పనికొచ్చేవి ఇవే.

అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో కూడా తెలిసి ఉండాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అసలు పాఠం ప్రకారం ఏడాది మించిన లీజును రిజిస్టరు చేయించి తీరాలి. పదకొండు నెలలైతే ఆ ఖర్చు తప్పుతుందని అలవాటైంది, కానీ ఆంధ్రప్రదేశ్‌లో 1999 సవరణ నుంచి ఎంత గడువుకు రాసిన లీజైనా రిజిస్టరు చేయించాల్సిందే. కొందరు మాత్రం మామూలు స్టాంపు పేపరు మీదే "మూడేళ్లకు" అని రాసేసుకుంటారు. రిజిస్టరు కాని ఆ కాగితాన్ని లీజు షరతులకు సాక్ష్యంగా కోర్టు తీసుకోదు. దాన్ని సాధారణంగా నెలవారీ అద్దెగానే చూస్తారు. నెలవారీ అద్దెకు, వేరే ఒప్పందం లేకపోతే, ఆస్తి బదిలీ చట్టం చెప్పేది పదిహేను రోజుల నోటీసు. అంటే మూడేళ్ల ధీమా అద్దెకున్నవాళ్లకూ లేదు, మూడేళ్ల అద్దె గ్యారంటీ మనకూ లేదు. పదకొండు నెలలదైతే అదీ రిజిస్టరు చేయించి, గడువు తీరగానే కొత్తది రాసుకోండి. లేదంటే ఖర్చుకు వెనకాడకుండా పెద్ద లీజు రిజిస్టరు చేయించండి. రెండింటికీ మధ్యలో వేలాడొద్దు.

ఇంకో భయం ఊరూరా ఉంది. "పన్నెండేళ్లు ఉంటే ఇల్లు వాళ్లదైపోతుందట." అద్దెకున్నవాళ్లకు ఇది వర్తించదు. అద్దె కడుతూ, మన అనుమతితో ఉన్నవాళ్లు ఎన్నేళ్లున్నా ఇంటాయన హక్కును కాదనలేరు. ప్రమాదం వేరే చోట ఉంది. అగ్రిమెంటు లేక, అద్దె చేతికి నగదుగా తీసుకుని, రసీదు ఇవ్వక, అసలు వాళ్లు అద్దెకున్నారని చూపించే ముక్క కాగితం లేకుండా ఏళ్లు గడిపినప్పుడు "నేను అద్దెకు లేను, ఇది నాదే" అనే వాదనకు సందు దొరుకుతుంది. నెలనెలా ఫోన్‌పే లోనో బ్యాంకులోనో అద్దె పడితే ఆ భయమే అక్కర్లేదు.

అడ్వాన్సు విషయంలో గాలి ఎటు వీస్తోందో గమనించండి. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో నివాసానికి రెండు నెలల అద్దె, వ్యాపారానికి ఆరు నెలల అద్దె మించి అడ్వాన్సు తీసుకోకూడదని ఉంది. అన్ని ఒప్పందాలూ రాతపూర్వకంగా ఉండాలని, తగవులు తీర్చడానికి రెంట్ అథారిటీ ఉండాలని కూడా ఉంది. అది నమూనా మాత్రమే, నడిచేది రాష్ట్ర చట్టమే. కానీ కాగితం లేని అద్దెలకు రోజులు దగ్గరపడ్డాయని మాత్రం అర్థమవుతుంది.

ఇక పన్ను. ఇంటి అద్దె మీద ఆదాయపు పన్ను లెక్క ఇంటాయనకు చాలా అనుకూలం. ఉదాహరణకు రెండు పోర్షన్లకు కలిపి నెలకు 15,000 వస్తే ఏడాదికి 1,80,000. ఇంటి పన్ను 8,000 కట్టారనుకుంటే మిగిలేది 1,72,000. అందులో 30 శాతం, అంటే 51,600, మరమ్మతుల కింద కొట్టేస్తారు. మీరు సున్నం వేయించినా వేయించకపోయినా సరే. పన్ను లెక్కలోకి వచ్చేది 1,20,400 మాత్రమే. ఇంటి మీద లోను ఉంటే దాని వడ్డీ కూడా తీసేయొచ్చు. కొత్త పన్ను విధానంలో మాత్రం వడ్డీ అద్దెను మించిపోయి నష్టం తేలితే ఆ నష్టాన్ని జీతంలోంచి తీసేసుకోవడానికి వీల్లేదు. "లోను పెట్టి కొంటే టాక్స్ కలిసొస్తుంది" అన్న పాత సలహా ఇప్పుడు అందరికీ పనిచేయదు. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల దాకా మామూలు ఆదాయం ఉన్న మన దేశ నివాసికి పన్నే పడదు కాబట్టి, అద్దె మీదే బతికే రిటైరైన దంపతులకు ఈ గొడవే లేదు.

మునిసిపాలిటీ పన్ను కూడా మారింది. పూర్వం ఇంటికి ఎంత అద్దె రావచ్చో అంచనా వేసి దాని మీద వేసేవారు. 2021-22 నుంచి ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో ఇంటి మూలధన విలువ మీద వేస్తున్నారు. ఏటా పెంపు 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. కాబట్టి అద్దెలు కదలకపోయినా పన్ను కదులుతూనే ఉండొచ్చు. అద్దె లెక్క వేసేటప్పుడు ఈ పెంపును కూడా కలుపుకోండి.

ఫ్లాటు

రెరా (ఇళ్లు కట్టి అమ్మే బిల్డర్లను నియంత్రించే చట్టం) వచ్చాక ఫ్లాటు కొనుగోలు నిజంగానే మెరుగైంది. 2016 చట్టం ప్రకారం బిల్డరు కొనేవాళ్ల దగ్గర తీసుకున్న డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో ఉంచి ఆ కట్టడానికే వాడాలి. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదు. నిర్మాణ లోపాలు అయిదేళ్ల లోపు బయటపడితే తన ఖర్చుతో బాగు చేయాలి. ధర కార్పెట్ ఏరియా, అంటే ఫ్లాటు లోపల నిజంగా వాడుకునే చోటు, మీద చెప్పాలి.

అయితే మన డెల్టా పట్టణాల్లో ఒక మెలిక ఉంది. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు, దాటని స్థలంలో ఎనిమిది ఫ్లాట్లకు మించకుండా కడితే రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. తణుకులోనో పాలకొల్లులోనో అమలాపురంలోనో సందుల్లో లేచే అపార్టుమెంట్లలో చాలా భాగం ఈ కొలతకు లోపలే ఉంటాయి. అంటే ఇంతసేపూ చెప్పుకున్న రక్షణలు అక్కడ చేతికి అందవు. అలాంటి చోట కొంటుంటే మునిసిపల్ ప్లాను తెప్పించుకుని ఆమోదించిన అంతస్తులెన్ని, లేచినవెన్ని అని మీరే లెక్కపెట్టండి. కట్టడం ప్లాను ప్రకారమే ఉంది, ఉండొచ్చు అని మునిసిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చేతిలో పెట్టాకే మిగతా డబ్బు కట్టండి. ప్లానుకు మించి వేసిన పై అంతస్తు చవగ్గా వస్తుంది. ఆ చవక వెనక క్రమబద్ధీకరణ రుసుములు, బ్యాంకు లోను రాని కొనుగోలుదారులు ఉంటారు.

అద్దెకివ్వడానికి ఫ్లాటు తేలిక. కొత్తగా బదిలీ మీద వచ్చిన ఉద్యోగులు, కాలేజీ లెక్చరర్లు ఫ్లాటే అడుగుతారు. కానీ వయసు పెరిగేకొద్దీ విలువంతా కింది స్థలంలో అందరితో కలిపి మనకొచ్చే ఆ కాస్త అవిభాజ్య వాటాలోనే మిగులుతుంది. పదేళ్లలో అమ్మేసే ఉద్దేశముంటే ఫ్లాటు, పిల్లలకు ఇవ్వాలనుకుంటే పోర్షన్ల ఇల్లు. ఇదీ నా అభిప్రాయం.

షాపు, బ్యాంకుకు ఇచ్చే హాలు

అద్దె ఎక్కువ, నిబంధనలూ ఎక్కువ. మెయిన్ రోడ్డు మీద కింద హాలు ఏ బ్యాంకుకో ఇస్తే లీజు రిజిస్టరవుతుంది, అద్దె టంచనుగా ఖాతాలో పడుతుంది. అద్దె నెలకు 50,000 దాటితే 10 శాతం టీడీఎస్, అంటే ముందుగానే మీ పేరున కట్టే ఆదాయపు పన్ను, కోసి ఇస్తారు. అది పోయినట్టు కాదు, రిటర్ను వేసి లెక్క సరిచేసుకోవాలి.

జీఎస్టీ అనగానే చాలామంది బెదురుతారు. మీకు వచ్చే మొత్తం అద్దెలు, సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షల లోపే అయితే మీరు రిజిస్టరు చేసుకోనక్కర్లేదు. 2024 అక్టోబరు 10 నుంచి మారింది ఏమిటంటే, రిజిస్ట్రేషన్ లేని ఇంటాయన దగ్గర జీఎస్టీ ఉన్న వ్యాపారి షాపు అద్దెకు తీసుకుంటే ఆ 18 శాతం వ్యాపారే కట్టాలి. కాంపోజిషన్ స్కీములో, అంటే అమ్మకాల మీద ఇంత శాతమని తక్కువ పన్ను కట్టే పద్ధతిలో, ఉన్న చిన్న వ్యాపారులను తర్వాత మినహాయించారు. ఇంటాయన జేబుకు నేరుగా చిల్లు పడదు. కానీ బేరం దగ్గర "మాకు పన్ను పడుతోందండీ, అద్దె తగ్గించండి" అనే మాట తప్పకుండా వస్తుంది. ఆ వ్యాపారికి ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కట్టిన ఆ పన్నును తన అమ్మకాల పన్నులోంచి తగ్గించుకునే వీలు, వస్తుందో రాదో అడిగి అప్పుడు బేరమాడండి. క్రెడిట్ వచ్చేవాడికి అది భారం కాదు.

విద్యార్థుల హాస్టళ్ల వైపు కూడా చాలామంది చూస్తున్నారు. భీమవరం, కాకినాడ, సూరంపాలెం చుట్టూ గిరాకీ ఉంది. 2024 జులై నుంచి మనిషికి నెలకు 20,000 మించని, కనీసం 90 రోజులు వరసగా ఉండే వసతికి జీఎస్టీ లేదు. మన దగ్గర హాస్టలు రేట్లు దాదాపుగా ఆ లోపలే ఉంటాయి.

షాపుకు ఉన్న అసలు ఇబ్బంది ఖాళీ. ఇల్లు ఖాళీ అయితే టులెట్ బోర్డు కట్టిన నెలలో నిండుతుంది, హాలు ఖాళీ అయితే ఏడాది పడి ఉండొచ్చు. నాన్నల కాలంలో ఇచ్చిన చిన్న షాపుల్లో మూడో మనిషి వ్యాపారం చేస్తుండటం, అద్దె మాత్రం పాతదే రావడం మనం చూస్తున్నదే. సబ్‌లీజు ఇవ్వకూడదన్న షరతు రాయకుండా షాపు తాళం ఇవ్వొద్దు.

చేను, చెరువు

ఇక్కడ కాస్త నింపాదిగా మాట్లాడుకోవాలి, ఎందుకంటే డెల్టాలో పెట్టుబడి అంటే చివరికి భూమి దగ్గరికే వస్తుంది.

వరి చేను కౌలుకిస్తే ఎకరాకు ఇన్ని బస్తాలని వస్తుంది. భూమి ఖరీదుతో పోలిస్తే ఆ కౌలు తక్కువే. దాన్ని నెలజీతంలా చూడకూడదు. వ్యవసాయ కౌలు మీద ఆదాయపు పన్ను నేరుగా లేదు. పట్టణానికి దూరంగా ఉన్న వ్యవసాయ భూమిని అమ్మినప్పుడు లాభం మీద పడే క్యాపిటల్ గెయిన్స్ పన్ను కూడా ఉండదు. దూరం లెక్క పట్టణ జనాభాను బట్టి ఉంటుంది. పది వేలు దాటి లక్ష లోపు జనాభా ఉన్న మునిసిపాలిటీకి రెండు కిలోమీటర్లు, లక్ష నుంచి పది లక్షల దాకా అయితే ఆరు, ఆపైన ఎనిమిది. ఊరి పొలిమేరలో చేను కొంటుంటే ఈ కొలత ముందే చూసుకోవడం మంచిది. ఇల్లో, స్థలమో అయితే రెండేళ్లు దాటాక వచ్చిన లాభం మీద 12.5 శాతం పడుతుంది. 2024 జులై 23కి ముందు కొన్న స్థలాలు, ఇళ్లకైతే మన దేశ నివాసులు ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ధరల పెరుగుదల మేరకు పెంచి) 20 శాతం లెక్క కూడా వేసుకుని, ఏది తక్కువైతే అది కట్టొచ్చు.

కౌలు రైతు కార్డు మీద సంతకం పెట్టడానికి భూయజమానులు ఎందుకు జంకుతారో నాకు తెలుసు. పాత కౌలు చట్టాల భయం తాతల నుంచి వచ్చింది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం పంట మీద హక్కు వరకే ఇస్తుంది, అదీ పదకొండు నెలలకు. భూమి మీద హక్కు రానే రాదని చట్టంలోనే ఉంది. మీరు సంతకం పెట్టకపోతే సాగు చేసే మనిషికి పంట రుణం, వరదకు మునిగితే పరిహారం దక్కడం కష్టం. మీ కౌలు బస్తాలు వచ్చేదీ ఆయన నిలబడితేనే. దయచేసి పెట్టండి.

చేపల, రొయ్యల చెరువు లీజు వరి కౌలుకంటే చాలా ఎక్కువ. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు ఆ డబ్బు చూసే చేలు చెరువులయ్యాయి. కానీ ఇక్కడ అనుమతి లేని చెరువు అంటే అద్దెకిచ్చే హక్కు లేని ఇల్లు లాంటిదే. తీరానికి, ఉప్పుటేర్లకు రెండు కిలోమీటర్ల లోపల ఉప్పునీటి సాగైతే 2005 చట్టం కింద కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీలో రిజిస్ట్రేషన్ ఉండాలి. లోపలి చెరువులకు 2020 రాష్ట్ర ఆక్వా చట్టం కింద లైసెన్సు కావాలి. పక్క చేలోకి ఉప్పు ఊట దిగుతోందని రైతులు ఫిర్యాదు చేస్తే అధికారులు వచ్చి నిలబడేది గట్టు మీద, వెతికేది యజమానిని. లీజుదారు అప్పటికి ఇంకో ఊళ్లో చెరువు పట్టి ఉండొచ్చు. కొల్లేరు సంగతి అందరం చూశాం. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన అయిదో కాంటూరు (సరస్సు చుట్టూ ఎత్తును బట్టి గీసిన హద్దు) లోపలి చెరువులను 2006లో యంత్రాలు పెట్టి కొట్టేశారు. కాంటూరు లోపల ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోవద్దు.

పన్నులోనూ తేడా ఉంది. చేపలు, రొయ్యల పెంపకాన్ని వ్యవసాయంగా ఆదాయపు పన్ను చట్టం చూడదు, కాబట్టి చెరువు లీజును వరి కౌలులా రిటర్నులో రాసేయకుండా ఆడిటరుకు చూపించండి. ఇక మార్కెట్. 2025లో అమెరికా సుంకాలు 50 శాతానికి వెళ్లినప్పుడు రొయ్య రైతు ఎంత టెన్షన్ పడ్డాడో చూశాం. అలాంటి ఏడు లీజు తగ్గించమని అడగడం సహజం. అగ్రిమెంటులో ఆ మాట ముందే రాసుకుంటే ఇద్దరికీ మర్యాదగా ఉంటుంది. చెరువు మూసి మళ్లీ చేనుగా అప్పగించే ఖర్చు ఎవరిదో కూడా అందులోనే రాయాలి. సాధారణంగా దాన్ని ఎవరూ రాయరు.

ఖాళీ స్థలం గురించి ఒక మాట

దీనికి అద్దె రాదు, అయినా అందరూ ముందు కొనేది ఇదే. పంచాయతీ తీర్మానం ఉందని చెప్పి అమ్మే లేఅవుటు వద్దు. డీటీసీపీ (రాష్ట్ర పట్టణ ప్రణాళిక శాఖ) లేదా అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ ఇచ్చిన ఎల్పీ నంబరు, అంటే లేఅవుటు అనుమతి నంబరు, పైన రెరా నంబరు, ఈ రెండూ అడగండి. అవి లేని స్థలంలో ఇల్లు ప్లాను పాస్ కావడం దగ్గర్నుంచి అన్నీ గండాలే. ఎప్పుడో క్రమబద్ధీకరణ స్కీము వస్తుందని నమ్మి కొనడం ఆశ మీద డబ్బు పెట్టడమే.

కోనసీమలో ఇంకో రెండు చూడాలి. కొబ్బరితోట కొంటుంటే తోట మొత్తం ఒకసారి నడవండి. గట్టు పక్కన, కాలువ దాటే చోట గ్యాస్ పైపులైను గుర్తు రాళ్లు కనిపిస్తే ఆగండి. 1962 పైపులైన్ల చట్టం కింద ఆ పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, నుయ్యి తవ్వకూడదు, చెట్టు వేయకూడదు. భూమి మీ పేరునే ఉంటుంది, వాడుకునే హక్కు కంపెనీది. రిజిస్ట్రారు ఆఫీసు ఇచ్చే ఈసీలో (ఆస్తి మీద లావాదేవీల చిట్టా) కనిపించలేదని నిశ్చింతగా ఉండొద్దు, గ్రామ సర్వేయరుతో కొలిపించండి. ఇక లంక భూములు, అసైన్డ్ భూములు, దేవాదాయ భూములు. ఇవి రిజిస్ట్రేషన్ చేయకూడని 22ఏ నిషేధిత జాబితాలో ఉన్నాయేమో సర్వే నంబరుతో చూశాకే బయానా ఇవ్వండి. ఆ బయానా కూడా బ్యాంకు ద్వారానే. ఆస్తి అమ్మకానికి 20,000 లేదా అంతకు మించి నగదు అడ్వాన్సు తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు.

ఏదీ కొనకుండా

రీట్లు ఉన్నాయి, అంటే చాలామంది డబ్బు కలిపి అద్దె వచ్చే పెద్ద భవనాల్లో పెట్టే ట్రస్టులు. స్టాక్ మార్కెట్లో యూనిట్లుగా కొనుక్కోవచ్చు. సెబీ 2014 నిబంధనల ప్రకారం ఆస్తుల్లో కనీసం 80 శాతం పూర్తయి అద్దె వచ్చేవే అయి ఉండాలి, పంచదగ్గ నగదులో 90 శాతం పంచాలి. ఖాళీ చేయించే తలనొప్పి లేదు. మన ఊరి స్థలం విలువ పెరిగితే వచ్చే లాభం కూడా లేదు. డబ్బు కొంత అటు పెట్టడంలో తప్పులేదు.

కువైట్‌లో, అమెరికాలో ఉన్నవాళ్లకు

ఎన్నారై అంటే అమెరికా వాళ్లేననుకుంటారు. గల్ఫ్‌లో పనిచేసే కోనసీమ మనిషి కూడా ఫెమా (విదేశీ మారక చట్టం) లెక్కలో ఎన్నారైయే. ఎన్నారై ఇల్లు, ఫ్లాటు, షాపు కొనొచ్చు. పొలం, తోట, ఫామ్‌హౌస్ కొనకూడదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. "నాన్న పేరున చెరువు కొందాం, డబ్బు నాది" అనుకునేవాళ్లు జాగ్రత్తపడాలి. డబ్బు నాన్నగారికి ఇచ్చేసి ఆయనే నిజమైన యజమానిగా ఆయన కోసమే కొంటే అది వేరు. పేరు ఆయనది, ఆస్తి నాది అంటే, ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరున కొనడాన్ని నిషేధించే బినామీ చట్టం వరకు వెళ్తుంది.

ఎన్నారైకి అద్దె కట్టే మనిషి, అద్దె ఎంత చిన్నదైనా, టీడీఎస్ కోసి కట్టాలి. సెస్సుతో కలిపి 31.2 శాతం. నెలకు పన్నెండు వేలు కట్టే టీచరుగారికి ఈ సంగతి తెలియదు, తెలిస్తే ఆ ఇంట్లో దిగరు. 12 లక్షల దాకా పన్ను లేదన్న రాయితీ కూడా ఎన్నారైలకు లేదు. ఎన్నారై దగ్గర ఆస్తి కొనేవాళ్లకూ ఇదే జాగ్రత్త. 50 లక్షలు, ఆపైన ఆస్తికి కోసే ఒక శాతం టీడీఎస్ అక్కడ సరిపోదు, అంతకంటే చాలా ఎక్కువ కోయాలి.

కాబట్టి దూరంగా ఉన్నవాళ్లకు పోర్షన్ల ఇల్లు నేను చెప్పను. పాన్, టాన్ (టీడీఎస్ కట్టడానికి కావలసిన నంబరు) ఉండి టీడీఎస్ కోసి కట్టడం అలవాటైన కంపెనీయో బ్యాంకో అద్దెకుండే హాలు, లేదా రెరా నంబరున్న ఫ్లాటు నయం. అద్దె వసూలుకు, అగ్రిమెంటు మీద సంతకానికి ఊళ్లో తమ్ముడికో బావగారికో పవరాఫ్ అటార్నీ ఇస్తుంటే అందులో అమ్మే అధికారం కలపొద్దు, అద్దె పనుల వరకే రాయించండి. అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో సంతకం ధ్రువీకరించుకోండి. ఆ కాగితం మన దేశానికి చేరిన మూడు నెలల లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించండి.